ఐదేళ్లు నిండేలోపు: మా అపార్ట్‌మెంట్ లోపాల డైరీ

మార్చి 2025, మొదటి వారం

మా అపార్ట్‌మెంట్‌లో మొదటి ఫ్లాట్ తాళాలు ఇచ్చింది 2020 అక్టోబరులో. అంటే ఈ అక్టోబరుతో ఐదేళ్లు నిండుతాయి, ఆ తర్వాత బిల్డర్‌ని పట్టుకుని ఉచితంగా బాగు చేయించుకోవడం చాలా కష్టం. హైదరాబాద్ శివారు బాచుపల్లి వైపు, కింద పార్కింగ్‌కి స్టిల్ట్, పైన ఐదు అంతస్తులు, 40 ఫ్లాట్లు. అసోసియేషన్ తరఫున లోపాలన్నీ వెతికి, రాసి, బిల్డర్ చేత చేయించే పని నేను తీసుకున్నాను. ఇలాంటి బిల్డింగులు మన దగ్గర చాలానే ఉన్నాయి కాబట్టి ఏది ఎలా చేశామో ఎప్పటికప్పుడు ఇక్కడ రాస్తాను.

ముందు చట్టం. 2016 రెరా చట్టంలో, అంటే బిల్డర్లని నియంత్రించే రియల్ ఎస్టేట్ చట్టంలో, సెక్షన్ 14(3) ఉంది. ఫ్లాట్ స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం గానీ, పనితనంలో, నాణ్యతలో, సదుపాయాల్లో లోపం గానీ, అగ్రిమెంట్ ప్రకారం చేయాల్సింది చేయకపోవడం గానీ బిల్డర్ దృష్టికి తెస్తే, ముప్ఫై రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే నష్టపరిహారం అడిగే హక్కు మనకుంటుంది. ఇక్కడ గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే, లోపం రెండో ఏడాదిలోనే కనబడినా సరే, ఐదేళ్లలోపు చెప్పినట్టు మన దగ్గర కాగితం ఉండాలి. సూపర్‌వైజర్‌కి ఫోన్‌లో చెప్పాం, ఆయన వచ్చి చూసి వెళ్లాడు అంటే రేపు ఎవరి దగ్గరా రుజువు ఉండదు.

మా సేల్ అగ్రిమెంట్‌లో మాత్రం "మెయింటెనెన్స్ బాధ్యత ఒక సంవత్సరం" అని ఉంది. చాలామంది దీన్ని చూసే ఆగిపోతారు, బిల్డర్ ఆఫీసులో కూడా ఇదే చూపిస్తారు. కానీ చట్టం ఇచ్చిన హక్కుని అగ్రిమెంట్‌లో ఒక లైను రాసి తీసేయడం కుదరదు, వేరే చట్టాల్లో దీనికి విరుద్ధంగా ఏమున్నా రెరాదే పైచేయి అని సెక్షన్ 89 చెబుతోంది. పైగా ఆ ఏడాది అన్నది లిఫ్టు, జనరేటర్, వాచ్‌మన్ లాంటి రోజువారీ నిర్వహణ గురించి, గోడలో చెమ్మకీ దానికీ సంబంధం లేదు.

డాలస్‌లో ఉన్న మా బావమరిదికి కొత్త ఇల్లు కొన్నప్పుడు వారంటీ మూడు ముక్కలుగా ఇచ్చారు: పనితనానికి ఏడాది, ప్లంబింగ్, కరెంటు లాంటివాటికి రెండేళ్లు, స్ట్రక్చర్‌కి పదేళ్లు. అక్కడ చాలామంది బిల్డర్లు ఇదే పద్ధతిలో ఇస్తారట. మనకి స్ట్రక్చర్‌కి పదేళ్లు లేవు గానీ, బాత్రూమ్ టైలు ఊడినా, బీమ్ పగిలినా ఒకటే ఐదేళ్లు. ఆ లెక్కన పనితనం విషయంలో మన చట్టమే మెరుగు. వాడుకునేవాళ్లే తక్కువ.

మార్చి, చివరి వారం

సర్వే మొదలైంది. ఫ్లాట్‌కి ఒక కాగితం, గదుల వారీగా. నాతోపాటు నాలుగో అంతస్తులో ఉండే పెద్దాయన తిరుగుతున్నారు. ఆర్ అండ్ బీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు, మేమంతా సారు అనే పిలుస్తాం. చేతిలో రసమట్టం, తూకం గుండు, టార్చి, పగులు వెడల్పు కొలిచే ప్లాస్టిక్ కార్డు, పెన్సిల్, ఒక రూపాయి బిళ్ల. ఇంతకంటే పెద్ద సామాను మొదటి దశలో అక్కర్లేదు.

రూపాయి బిళ్ల టైల్స్ కోసం. టైలు మీద తడుతూ పోతే కింద సిమెంటు పూర్తిగా పట్టినచోట గట్టి చప్పుడు, ఖాళీ ఉన్నచోట గుల్ల చప్పుడు వస్తుంది. గుల్లగా ఉన్న టైళ్లకి చాక్‌పీసుతో గుర్తు పెట్టి ఫోటో తీస్తున్నాం, ఫోటోలో ఫ్లాట్ నంబరు రాసిన కాగితం కూడా పడేలా. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, ఫోటో ఏ ఫ్లాట్‌దో తెలియకపోతే తర్వాత అది ఎందుకూ పనికిరాదు.

ఇంట్లోవాళ్లు చెప్పిందంతా లోపం కింద రాయడం లేదు. ఒక ఆంటీ వంటింటి గట్టు మీద మరకలు చూపించారు, "అది వాడకంలో వచ్చిందమ్మా, బిల్డర్‌ని అడగలేం" అని సారు మెల్లగా చెప్పారు. ఒకాయన బాల్కనీ మూసేసి గది చేసుకున్నారు, అక్కడి పగుళ్లు కూడా రాయలేదు. మనం చేసుకున్న మార్పుల్ని జాబితాలో కలిపితే అసలు లోపాల మీద కూడా బిల్డర్‌కి వాదించే సందు దొరుకుతుంది.

ఏప్రిల్

పగుళ్ల సంగతి. అన్ని పగుళ్లూ ఒకటి కాదు. మా దగ్గర ఎక్కువ కనబడింది, పిల్లర్‌కీ గోడకీ మధ్య నిలువుగా, స్కేలు పెట్టి గీసినట్టు వచ్చే పగులు. కాంక్రీటు ఒకలా, ఇటుక లేదా బ్లాకు ఇంకోలా వేడికి సాగుతాయి, ముడుచుకుంటాయి కాబట్టి ఆ అతుకు మీద ప్లాస్టరింగ్‌కి ముందు ఇనుప జాలీ కొట్టాలి. ఒకచోట ప్లాస్టర్ కొంచెం గీకి చూశాం, జాలీ లేదు. ప్రాణాపాయం ఏమీ లేదు, కానీ పనితనం లోపమే కాబట్టి జాబితాలోకి వెళ్లింది. రెండో రకం కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయేవి. మూడో రకం మాత్రం నిజంగా టెన్షన్ పెట్టేవి, అంటే పిల్లర్ దగ్గర బీమ్ మీద ఏటవాలుగా వచ్చేవి, గోడకి రెండువైపులా ఒకే చోట కనబడేవి.

మూడో రకం అనుమానం ఒక్కచోటే వచ్చింది, స్టిల్ట్‌లో ఒక బీమ్ మీద. కార్డు పెట్టి చూస్తే పగులు వెడల్పు 0.3 మిల్లీమీటర్లకి తక్కువే. కాంక్రీటు పనికి మనకున్న ప్రమాణం ఐఎస్ 456:2000, అందులో మామూలు పరిస్థితుల్లో ఉండే భాగాలకి పగులు 0.3 మి.మీ. దాటకూడదని, తేమ తగులుతూ ఉండేవాటికి 0.2 దాటకూడదని ఉంది. అయినా వదల్లేదు. సారు పాత పద్ధతి ఒకటి చెప్పారు. పగులుకి అడ్డంగా సన్నటి గాజు పట్టీని రెండు చివర్లా అంటించి, మీద తేదీ రాసి పెట్టాం. పగులు పెరుగుతుంటే గాజు తట్టుకోలేక విరిగిపోతుంది. వర్షాకాలం దాటేదాకా అది అక్కడే ఉంటుంది.

ఏప్రిల్, మూడో వారం

బాత్రూములు. మా బిల్డింగ్‌లో అసలు జబ్బు ఇదే. పై ఫ్లాట్ బాత్రూమ్ కింద ఉన్న సీలింగ్‌కి చెమ్మ, పక్క బెడ్రూమ్ గోడ మీద లప్పం ఉబ్బి పెచ్చులు రాలడం, గోడకి ఆనించిన వార్డ్‌రోబ్ వెనక బూజు. బిల్డర్ మనుషులు ఇంతకుముందు వచ్చినప్పుడల్లా చేసింది ఒకటే, టైళ్ల సందుల్లో తెల్ల సిమెంటు పూయడం, కింద గోడ గీకి రంగు వేయడం. ఆరు నెలలకి మళ్లీ అదే కథ. అందుకే ఈసారి చెమ్మ ఎక్కణ్నుంచి వస్తోందో మేమే తేల్చి కాగితం మీద పెట్టాలనుకున్నాం.

చేసిన విధానం ఇది. ముందు కింది ఫ్లాట్ సీలింగ్ మీద చెమ్మ అంచు వెంబడి పెన్సిల్‌తో గీత గీసి, తేదీ, టైము వేశాం. పై బాత్రూమ్‌లో నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్‌ని గుడ్డ ఉండతో, పైన ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో మూసేశాం. గుమ్మం పట్టీ దాటకుండా అంగుళం పైన నీళ్లు నిలబెట్టి, గోడకి చిన్న స్కేలు అంటించాం. ఆ ఇంటివాళ్లు 48 గంటలు రెండో బాత్రూమే వాడారు, వాళ్ల ఓపికకి దండం పెట్టాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పైన నీటిమట్టం, కింద గీత చూసుకుంటూ వచ్చాం. మొదటి ఫ్లాట్‌లో రెండో రోజు పొద్దునకే చెమ్మ గీత దాటి నాలుగు వేళ్ల మేర ముందుకొచ్చింది, పైన నీటిమట్టం కూడా దిగింది. అంటే ఫ్లోర్ కింద వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టే, లేదా అసలు సరిగా చేయనట్టే.

రెండో ఫ్లాట్‌లో ఇంకోలా వచ్చింది. నీళ్లు నిలబెట్టినంతసేపూ గీత కదల్లేదు, నీటిమట్టం కూడా దాదాపు అలాగే ఉంది. అప్పుడు ప్లంబర్ చేతిపంపు, ప్రెషర్ గేజీ తెచ్చి గోడలో పోయే నీళ్ల లైన్‌కి ఒత్తిడి పెట్టాడు. అన్ని ట్యాపులూ కట్టేసి ఉన్నా గేజీ ముల్లు మెల్లగా దిగిపోయింది. ఇక్కడ ఫ్లోర్ బాగానే ఉంది, లీకు గోడలో పైపు జాయింట్‌ది. ఈ తేడా తెలియకుండా టైల్స్ అన్నీ పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ చేసినా చెమ్మ ఆగేది కాదు. నీళ్లు నిలబెట్టే పరీక్షకీ పైపు పరీక్షకీ కలిపి అయ్యే ఖర్చు చాలా తక్కువ, ఇవి రెండూ చేయకుండా ఎవరు వచ్చి "ఇక్కడ లీకు" అని చెప్పినా నమ్మొద్దు.

అన్ని బాత్రూములకీ ఇది కుదరదు కాబట్టి చెమ్మ ఉన్నచోట్ల మాత్రమే చేస్తున్నాం.

మే, మొదటి వారం

బాల్కనీలు చూశాం. ఐదో అంతస్తులో మూడు బాల్కనీల కింది వైపు అంచు వెంబడి తుప్పు మరకలు, ఒకచోట పెచ్చు ఊడి ఊచ బయటికి కనబడుతోంది. ఊచ నుంచి కాంక్రీటు బయటి అంచు దాకా ఎంత ఉందో స్కేలు పెట్టి చూస్తే 8 మి.మీ. మాత్రమే. దీన్నే కవర్ అంటారు, ఇనుముకి గాలీ నీళ్లూ తగలకుండా కాపాడేది అదే. ఐఎస్ 456 ప్రకారం లోపలి భాగాలకే 20 మి.మీ. ఉండాలి, 12 మి.మీ. దాకా ఊచలైతే 15కి తగ్గించొచ్చు. వానకి తడిసే బాల్కనీ లాంటిదానికి 30. కాంక్రీటు పోసేటప్పుడు ఊచల కింద పెట్టే చిన్న కవర్ బ్లాకులు పెట్టకపోయినా, పెట్టినవి కూలీల కాళ్ల కింద పక్కకి జరిగినా ఇలాగే అవుతుంది.

ఇంకొకటి కూడా గమనించాం. బాల్కనీ అంచు కింద సన్నటి గాడి ఉండాలి, వాన నీళ్లు అక్కడికి వచ్చి చుక్కలుగా పడిపోవడానికి. మా దగ్గర ఆ గాడి లేదు. బకెట్‌తో నీళ్లు పోసి కింద నుంచి చూస్తే నీళ్లు అంచు దగ్గర పడకుండా స్లాబు అడుగునే పాకుతూ గోడ దాకా వెళ్లాయి. కవర్ తక్కువ, దానికి తోడు ప్రతి వానకీ అడుగు తడవడం. తుప్పు రాక ఏమవుతుంది.

మే, మూడో వారం

కాగితాలు. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే బిల్డింగ్‌లో ఉండొచ్చన్న అనుమతి) వచ్చి ఫ్లాట్లు అప్పగించాక ప్లాన్లు, డాక్యుమెంట్లు అసోసియేషన్‌కి ఇవ్వాలని రెరా సెక్షన్ 17 చెబుతుంది. మాకు ఇచ్చింది శాంక్షన్ ప్లాను, లిఫ్ట్ కాగితాలు, ఓసీ కాపీ. స్ట్రక్చరల్ డ్రాయింగులు, కాంక్రీటు బలం చూసే క్యూబుల టెస్ట్ రిపోర్టులు, వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టరు ఇచ్చిన గ్యారంటీ పత్రం ఇవ్వలేదు. వీటిని కూడా నోటీసులో అడిగాం. ఆ గ్యారంటీ బిల్డర్ పేరు మీద ఉంటుంది, దాన్ని అసోసియేషన్ పేరు మీదికి మార్పించుకోవచ్చన్న సంగతే చాలామందికి తెలియదు.

నోటీసు ఎలా రాశామంటే, తిట్లు లేవు, బెదిరింపు లేదు. ఒక్కో లోపానికి వరుస నంబరు, ఫ్లాటు, గది, ఏం కనబడింది, ఏ పరీక్ష చేశాం, ఏం తేలింది, ఫోటో నంబరు. ఫ్లాట్ల లోపలివాటికి ఆ ఫ్లాటు ఓనరు సంతకం, వాళ్లు స్వాధీనం తీసుకున్న తేదీ కూడా వేశాం, ఎందుకంటే ఐదేళ్ల లెక్క ఒక్కొక్కరికి ఒక్కో రోజు నుంచి మొదలవుతుంది. కామన్ ఏరియాల విషయంలో వాదన రాకుండా అందరికంటే ముందు తాళాలు తీసుకున్న తేదీనే గడువుగా పెట్టుకున్నాం. చివర్లో సెక్షన్ 14(3), ముప్ఫై రోజులు. అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి, ఈమెయిల్‌లో ఒకటి. పోస్టు అందినట్టు కార్డు తిరిగి వచ్చింది, దాన్ని స్కాన్ చేసి పెట్టాం.

జూన్

జవాబు వచ్చింది. బాత్రూములు "పరిశీలిస్తాం", టైల్స్ "వాడకం వల్ల", బాల్కనీలు "నిర్వహణ లోపం వల్ల". తర్వాతి వారం వాళ్ల సైట్ ఇంజినీరు ఒక ల్యాబు కుర్రాణ్ని వెంటబెట్టుకుని రీబౌండ్ హ్యామర్‌తో, అంటే కాంక్రీటు మీద కొట్టి బలం అంచనా వేసే సుత్తితో వచ్చారు. బాల్కనీ స్లాబు మీద కొట్టి చూసి "సార్, స్ట్రెంత్ బ్రహ్మాండంగా ఉంది, లోపం ఏం లేదు" అన్నారు.

మా సారు గొంతు పెంచలేదు. "బాబూ, స్ట్రెంత్ లేదని మేం ఎక్కడా రాయలేదు కదా. కవర్ లేదన్నాం. అయినా ఈ సుత్తి చెప్పే స్ట్రెంత్ పాతిక శాతం అటూ ఇటూ ఉండొచ్చని కోడ్‌లోనే ఉంది. కవర్ మీటర్ తెప్పించండి, మీ ఎదురుగానే చూద్దాం" అన్నారు. ఆ ఇంజినీరు మంచివాడే, వాదించలేదు. నాలుగు రోజుల తర్వాత కవర్ మీటర్‌తో వచ్చారు. మూడు బాల్కనీల్లోనూ అంచుల దగ్గర 15 దాటిన చోటే లేదు. రిపోర్టు మీద వాళ్ల ల్యాబు సంతకమే ఉంది కాబట్టి ఆ తర్వాత నిర్వహణ మాట మళ్లీ రాలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 గానీ ఐఎస్ కోడ్‌లు గానీ వాటంతట అవే చట్టాలు కావు, రాష్ట్రాల బిల్డింగ్ రూల్స్ వాటిని పాటించమన్నప్పుడే కట్టుబడాలి. తెలంగాణలో అది 2012 నాటి జీవో 168 ద్వారా వచ్చింది. అందుకే వాదనలో "నాకు నచ్చలేదు" అనే బదులు "కోడ్‌లో ఇంత ఉండాలి, ఇక్కడ ఇంతే ఉంది" అని కొలతతో మాట్లాడితే అవతలివాళ్ల దగ్గర జవాబు ఉండదు.

జులై

పని మొదలైంది. మొదలయ్యే ముందు ఏ పని ఏ పద్ధతిలో చేస్తారో రాసి ఇమ్మన్నాం. వాళ్లు మొదట తెచ్చింది టైల్స్ మీద ఎపాక్సీ గ్రౌట్ నింపే పద్ధతి. ఒప్పుకోలేదు. పైన సందులు మూస్తే కొన్నాళ్లు ఆగుతుంది, ఆ కొన్నాళ్లలో మా ఐదేళ్లు అయిపోతాయి.

చివరికి కుదిరింది ఇది. ఫ్లోర్ లీకు తేలిన బాత్రూముల్లో టైల్స్, కింద నింపిన ఇటుక ముక్కల కోబా మొత్తం తీసేసి సంకన్ స్లాబు (బాత్రూమ్ కోసం కిందికి దింపి పోసిన స్లాబు) దాకా వెళ్లడం. పైపులు స్లాబులోంచి దిగేచోట చుట్టూ ఖాళీ చెక్కి, కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపడం. గోడా ఫ్లోరూ కలిసే మూల గుండ్రంగా మెత్తడం, పాలిమర్ కలిపిన సిమెంటు కోటింగ్ రెండు చేతులు, రెండోది మొదటిదానికి అడ్డంగా, గోడ మీదికి అడుగు దాకా. అది ఆరాక 48 గంటలు నీళ్లు నిలబెట్టి కింద చూడడం. అప్పుడే కోబా, వాటం, టైల్స్. పైపు లీకు ఉన్నచోట గోడలో ఆ ముక్క మాత్రం మార్చి, మూసేముందు మళ్లీ ఒత్తిడి పెట్టి చూపించాలి.

మొదటి బాత్రూమ్ తవ్వినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కోబా కింద స్లాబు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి, బురద వాసన. పైపు చుట్టూ ఉన్న ఖాళీలో సిమెంటు సంచీ కాగితం కుక్కి మీద సన్నగా సిమెంటు పూశారు, వేలితో నొక్కితే ఊడొచ్చింది. మేస్త్రీ తల పట్టుకుని "ఇట్లా చేస్తే ఎన్ని కోటింగులు ఏస్తే ఏం లాభం సార్" అన్నాడు. ఆ కాగితం ముక్కని అలాగే ఫోటో తీసి నోటీసు ఫైల్లో పెట్టాం.

ఆగస్టు

వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా బాల్కనీ పని. వదులు కాంక్రీటుని ఊచ వెనక దాకా చెక్కేసి, తుప్పుని వైరు బ్రష్‌తో మెరిసేదాకా తోమి, ప్రైమర్ కొట్టి, రిపేర్ మోర్టార్ పొరలుగా పెట్టారు. అంచు కింద గాడి కూడా పెట్టించాం, మళ్లీ బకెట్‌తో నీళ్లు పోస్తే ఈసారి చుక్కలన్నీ అంచు దగ్గరే పడ్డాయి. బీమ్ మీద గాజు పట్టీ విరగలేదు. పగులు కార్డు మీద కూడా అంతే ఉంది, దాన్ని నింపి మూసేయమన్నాం.

పూర్తయిన ప్రతి పనికీ బిల్డర్ లెటర్‌హెడ్ మీద, ఈ రిపేరులో ఇదే లోపం మళ్లీ వస్తే ఇంకో రెండేళ్ల దాకా మేమే చేస్తాం అని రాయించుకుంటున్నాం. రిపేరు చేసినదానికి ఐదేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలని చట్టంలో లేదు, కాబట్టి ఇది అడిగి తీసుకోవాల్సిందే. గుల్ల టైళ్లలో సగం మార్చారు, మిగతావి కుదరదన్నారు.

విడిగా ఇల్లు కట్టించుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు, మాకు ఇది వర్తిస్తుందా అని. సొంత స్థలంలో మేస్త్రీతో కట్టించుకుంటే రెరా రాదు, అమ్మకానికి కట్టే ప్రాజెక్టుల్లో కూడా 500 చదరపు మీటర్లకి మించని స్థలంలో కట్టినవి గానీ, ఎనిమిది ఫ్లాట్లకి మించనివి గానీ రిజిస్ట్రేషన్ పరిధిలోకి రావు. అలాంటప్పుడు అగ్రిమెంటే మీ చట్టం. బిల్లుల్లో ఒక ఐదు శాతం ఆపుకుని ఒక వర్షాకాలం దాటాక ఇస్తానని ముందే రాసుకోండి. డబ్బు అందుకునే కాంట్రాక్టరు ఏదైనా సేవాలోపం చేస్తే కన్జ్యూమర్ కమిషన్ దారి కూడా ఉంది, 2019 చట్టంలో ఇళ్ల నిర్మాణం సేవ కిందకే వస్తుంది, కానీ దానికి గడువు రెండేళ్లే.

సెప్టెంబరు 2025

ఆగస్టు వానలకి కొత్తది ఒకటి బయటపడింది, లిఫ్ట్ గుంటలో ఊట. గోడకీ అడుగు స్లాబుకీ మధ్య జాయింట్ నుంచి సన్నగా కారుతోంది, రాత్రికి బఫర్ స్ప్రింగుల కాళ్లు మునిగేంత నీళ్లు చేరుతున్నాయి. పంపు పెట్టి తోడిస్తున్నాం. లిఫ్ట్ కంపెనీ టెక్నీషియన్ చేత నీళ్ల వల్ల ఏ భాగాలకి నష్టమో రాయించి, దాన్ని జత చేసి రెండో నోటీసు 15వ తేదీన పంపాం. మొదటి నోటీసులో ఉన్న గుల్ల టైల్స్ మిగిలినవి, ఇంకా చేతికి రాని స్ట్రక్చరల్ డ్రాయింగులు కూడా ఇందులో మళ్లీ రాశాం.

చెమ్మకి వార్డ్‌రోబ్‌లు పాడైనవాళ్లు నష్టపరిహారం విడిగా అడగాలనుకుంటున్నారు. అది రెరాలో అడ్జుడికేటింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్తుంది, రిపేరు చేయించమనే ఫిర్యాదు అథారిటీ దగ్గరికి. రెండింటికీ దరఖాస్తు వేర్వేరు. బిల్లులు, ఫోటోలు, పెన్సిల్ గీతల తేదీలు అన్నీ ఒక్కో ఫ్లాటుకి ఒక్కో ఫైలుగా కట్టి ఉన్నాయి. లిఫ్ట్ గుంట విషయంలో బిల్డర్‌కి ఉన్న ముప్ఫై రోజులు అక్టోబరు మధ్యలో నిండుతాయి, అప్పటికి మనుషులు రాకపోతే అథారిటీకి ఫిర్యాదు వేయాలని నిన్నటి మీటింగులో అందరూ సంతకాలు పెట్టారు.